పక్కకు ఎవలన్న ఉన్నరా బిడ్డా?

మా అమ్మకు ఫోన్‌లో నా మొదటి మాట చాలు. రూమ్‌లో ఒక్కణ్నే ఉంటే నేను "తిన్నవా?" అంటాను. ఆఫీసులోనో, మెట్రోలోనో, ఫ్రెండ్స్ మధ్యలోనో ఉంటే "తిన్నావా?" అంటాను. తేడా ఒక్క దీర్ఘం. వెంటనే అవతలి నుంచి ప్రశ్న వస్తుంది: "పక్కకు ఎవలన్న ఉన్నరా బిడ్డా?"

కావాలని మార్చేది కాదు. వెలుతురును బట్టి ఫోన్ స్క్రీన్ తనంతట తానే ఎక్కువా తక్కువా అయినట్టు, పక్కనున్న మనిషిని బట్టి నా తెలుగు మారిపోతుంది. చాలా ఏళ్లు దీన్ని జోక్‌లాగే చెప్పుకున్నాను. పోయిన ఏడాది ఒక ఇంటర్వ్యూ చేశాక నవ్వు రావడం మానేసింది.

మూడు గళ్లు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. కొన్నేళ్ల అనుభవం వచ్చాక ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేసే పని కూడా నెత్తిన పడింది. నలభై అయిదు నిమిషాల వీడియో కాల్, చివర్లో ఒక ఫారం. అందులో మూడు గళ్లు: టెక్నికల్, ప్రాబ్లమ్ సాల్వింగ్, కమ్యూనికేషన్. ఒక్కోదానికి అయిదు మార్కులు.

ఆ రోజు వచ్చిన అబ్బాయి కోడ్ బాగా రాశాడు. నేనిచ్చిన లెక్కకు నా దగ్గరున్న జవాబు కంటే పొట్టి దారి చూపించాడు. కానీ ప్రతి జవాబుకు ముందొక 'సార్', వెనకొక 'సార్'. 'స్టార్ట్' అనాల్సిన చోట 'ఇస్టార్ట్'. ఇంగ్లిష్ వాక్యం మధ్యలో ఆగిపోయి, లోపల తెలుగులో కూడబలుక్కుని, మళ్లీ బయటికి వచ్చేవాడు. వెనక కుక్కర్ విజిల్ వేసింది. మ్యూట్ చేశాననుకుని పక్కకు తిరిగి, "జరాగే అమ్మా, అయిపోతది" అన్నాడు.

మా వైపు పిల్లగాడే.

కాల్ అయ్యాక ఫారం నింపాను. టెక్నికల్ నాలుగు. ప్రాబ్లమ్ సాల్వింగ్ అయిదు. కమ్యూనికేషన్ రెండు. ఏ గడిలోనైనా మూడు కంటే తక్కువ వస్తే మా దగ్గర కథ అక్కడితో అయిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వేశాను.

ఎందుకు వేశానో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అతను చెప్పింది నాకు అర్థం కాలేదా? ఒక్క మాట కూడా వదలకుండా అర్థమైంది. అర్థం కావడమే కదా కమ్యూనికేషన్ అంటే! మరి ఆ రెండు దేనికి? 'ఇస్టార్ట్'కి వేశాను. 'సార్'కి వేశాను. కుక్కర్‌కి కూడా వేశానేమో. ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా వైపు వాడని ఎక్కువ మార్కులు వేశానని ఎవరైనా అనుకుంటారేమోనని భయపడ్డాను. ఆ టీమ్‌లో నాది ఏ ఊరో ఎవరికీ తెలియదు. నా మాటను బట్టి తెలిసే అవకాశం నేనే లేకుండా చేసుకున్నాను.

దవాఖాన

మా ఊరు మహమ్మద్‌నగర్. కామారెడ్డి జిల్లా, నిజాంసాగర్ దగ్గర. చిన్నప్పుడు మాకు ఎల్లారెడ్డి పెద్ద ఊరు, బాన్సువాడ ఇంకా పెద్ద ఊరు. హైదరాబాద్ అంటే రోగమొస్తేనో కొలువొస్తేనో పోయే ఊరు.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాల్వల్లో నీళ్లు పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు భూములు కొన్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. అంటే రెండు తెలుగులు పక్కపక్కనే పెరిగిన చోటు మాది. మిల్లు ఉన్నాయన "వెళ్దామండీ" అంటాడు, నాటుకు పోయేవాళ్లు "పోదాం పా" అంటారు. చిన్నప్పుడు నా బుర్రలో పడ్డ లెక్క ఇది. మా ఊళ్లో పెద్ద పెద్ద ఆసాములు కూడా "పోదాం పా" అనేవాళ్లేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

2014లో ఇంజనీరింగ్‌లో చేరాను. తెలంగాణ వచ్చిన ఏడాదే. హైదరాబాద్ శివార్లలో కాలేజీ, హాస్టల్. రూమ్‌లో నలుగురం, నాలుగు జిల్లాలు. మంచి పిల్లలే, ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

మొదటి సెమిస్టర్‌లో ఒకరోజు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బాపుకు కడుపులో నొప్పి. నేను బ్యాగు సర్దుకుంటుంటే రూమ్మేట్ ఎక్కడికని అడిగాడు. "బాపుకు పాణం మంచిగ లేదంట, దవాఖానకు తీస్కవోయిండ్రు" అన్నాను. మంచం మీద పడుకున్న ఇంకొకడు సినిమాలో రౌడీ గొంతు పెట్టి "దవాఖానకు తీస్కవోయిండ్రా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. వాడికి నా బాపు మీద నవ్వాలని లేదు, నాకు తెలుసు. ఆ మాట వినబడగానే సినిమా హాల్లో ఎక్కడ నవ్వాలో చిన్నప్పటి నుంచీ అలవాటైంది, అంతే. మన సినిమాల్లో తెలంగాణ మాట చాలా ఏళ్లు ఎవరి నోట్లో ఉండేది? రౌడీ నోట్లో, లేదంటే కమెడియన్ నోట్లో.

బాపుకు అపెండిసైటిస్. ఆపరేషన్ చేశారు, వారంలో లేచి తిరిగాడు. నేను హాస్టల్‌కు తిరిగొచ్చాక, ఎలా ఉన్నారని అందరూ మనస్ఫూర్తిగా అడిగారు. "హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ చేశారు" అన్నాను. దవాఖాన అన్న మాట ఆ తర్వాత ఆ రూమ్‌లో నా నోట రాలేదు. ఆలుగడ్డ బంగాళదుంప అయింది. ఎల్లిపాయ వెల్లుల్లి అయింది. తొక్కు పచ్చడి అయింది. అంగి ముందు చొక్కా అయ్యి, తర్వాత షర్ట్ అయ్యింది. నేను ఇంగ్లిష్ కంటే ముందు నేర్చుకున్న పరాయి భాష తెలుగే!

చాలా రోజుల తర్వాత దవాఖాన అన్న మాట ఎక్కడిదా అని వెతికాను. ఫారసీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూలోంచి మనకు వచ్చింది. సరే, మరి దానికి ఎదురుగా నిలబెట్టే 'మర్యాదైన' తెలుగు మాట ఆసుపత్రి? అది హాస్పిటలే! యూరప్ మాట మన నాలుక మీద అరిగి అరిగి ఆసుపత్రి అయింది. రెండూ అరువు మాటలే, రెండూ మన నోళ్లలో నలిగినవే. ఒకటి అంటే చదువుకున్నవాడు, ఇంకోటి అంటే ఊరోడు.

ఇంకా వింత ఏంటంటే, దవాఖాన ఎప్పుడూ ఊరోళ్ల మాట కాదు. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో డాక్టరీ చదువు కూడా ఉర్దూలోనే. ఆ రోజుల్లో దవాఖాన, కచేరి, దర్యాప్తు అంటే ఆఫీసర్ల మాటలు. ఊళ్లో ఆ మాటలు పలికినవాడిని నాలుగు అక్షరాలు వచ్చినవాడిగా చూసేవాళ్లు. 1956లో రాష్ట్రాలు కలిశాక ఆ మాటలే మోటు మాటలయ్యాయి. 2018లో ప్రభుత్వం హైదరాబాద్‌లో 'బస్తీ దవాఖాన'లు మొదలుపెట్టింది. బోర్డు మీద, పేపర్లో, మంత్రుల ఉపన్యాసాల్లో మళ్లీ దవాఖాన! మాటలో ఒక్క అక్షరం మారలేదు. వందేళ్లలో మూడుసార్లు దాని హోదా మారింది.

2014లో నేను నాలుగేళ్లు ఆగి ఉంటే సరిపోయేదేమో అని అప్పుడప్పుడు నవ్వుకుంటాను.

ఎవరు ఎవరిని నవ్వారు

హైదరాబాద్‌లో మాటను చూసి నవ్వడం కొత్త కాదు. 1921 నవంబర్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కార్వే అధ్యక్షుడు. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభ బుద్ధిగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష అది! ఆ అవమానంతోనే తెలుగువాళ్లు కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఆంధ్ర మహాసభగా ఎదిగింది అదే.

ఆ సభలో నవ్వినవాళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఉండే ఉంటారు. వాళ్ల హైదరాబాదీ ఉర్దూ వింటే లక్నో వాళ్లకు నవ్వొచ్చేది. "నక్కో" వినగానే ఢిల్లీవాడు ఇప్పటికీ నవ్వుతాడు. అలా నవ్వే ఢిల్లీవాడి ఇంగ్లిష్‌కు లండన్‌లో ఇంకొకరు నవ్వుతారు. ఈ వరస ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు.

మా హాస్టల్లో నన్ను చూసి నవ్వినవాడి సంగతీ ఇంతే. వాడిది కోస్తా జిల్లా. క్యాంపస్ ఇంటర్వ్యూల ముందు గ్రూప్ డిస్కషన్ ట్రైనింగ్‌లో వాడు 'షుడ్' అనబోయి 'సుడ్' అన్నాడు. ఇంటర్నేషనల్ స్కూల్లో చదివొచ్చిన ఒకమ్మాయి కళ్లు దించుకుని నవ్వు ఆపుకుంది. ఆ సాయంత్రం వాడు మెస్‌కు రాలేదు. నాకు ఆ రోజు కొంచెం సంతోషం కలిగిన మాట దాచను.

వాడి తెలుగు 'మంచి తెలుగు' ఎలా అయింది? గిడుగు రామమూర్తి పంతులు మాట్లాడే భాషే రాయాలని పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. పోరాటం గెలిచింది. కానీ రాతలో స్థిరపడింది ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న ఇళ్ల మాట. పత్రికలు, ప్రెస్సులు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు ఎక్కువగా అక్కడివాళ్లు, అక్కడ చదివినవాళ్లు. ఆ మాటలో ప్రత్యేకమైన తెలివేం లేదు. కాళోజీ నారాయణరావు జీవితమంతా ఈ సంగతి గుర్తు చేస్తూనే రాశారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం.

ఇంతా చెప్పి, ఈ వ్యాసం 'అన్న' అని కాకుండా 'అన్నాను' అనే రాస్తున్నాను చూడండి. వేళ్లు అలా అలవాటు పడ్డాయి.

నాలుగో అంతస్తు

అమెరికాలో విలియం లాబోవ్ అనే ఆయన 1962లో ఒక సరదా పని చేశాడు. న్యూయార్క్‌లో మూడు బట్టల షాపులకు వెళ్లాడు. సాక్స్ డబ్బున్నవాళ్లది, మేసీస్ మధ్యతరగతిది, ఎస్. క్లెయిన్ చవక షాపు. నాలుగో అంతస్తులో ఏం దొరుకుతుందో ముందే తెలుసుకుని, అది ఎక్కడుందని సేల్స్‌వాళ్లను అడిగేవాడు. జవాబు 'ఫోర్త్ ఫ్లోర్'. అందులో రెండుసార్లు 'ర' రావాలి. వినపడనట్టు నటించి ఇంకోసారి చెప్పించుకునేవాడు. పక్కకు వెళ్లి నోట్ చేసుకునేవాడు. సాక్స్‌లో 62 శాతం మంది 'ర'ను కొంతైనా పలికారు. మేసీస్‌లో 51 శాతం. ఎస్. క్లెయిన్‌లో అయిదో వంతు మంది.

గమనించండి, వాళ్లు షాపు ఓనర్లు కారు, కస్టమర్లూ కారు. అందరూ జీతానికి నిలబడే సేల్స్ ఉద్యోగులే. ఎవరి ఎదుట నిలబడుతున్నారో వాళ్ల 'ర' వీళ్ల నోట్లోకి వచ్చింది. మా అమ్మ ఫోన్‌లో పట్టుకునేది కూడా ఇదే.

అసలు తమాషా ఏంటంటే, ఇంగ్లండ్‌లో దీనికి సరిగ్గా రివర్స్. అక్కడ పెద్దింటి మాటలో ఆ 'ర' పలకరు. పలికితే పల్లెటూరు. ఒకే అక్షరం సముద్రానికి అటు దొర, ఇటు కూలి.

మనకు 'ర' గొడవ లేదు గానీ ఒత్తుల గొడవ ఉంది. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు దాదాపు ఉండవు. సంస్కృతంతోనూ హిందుస్తానీతోనూ వచ్చినవే అవి. అయినా ఒత్తు పలకడం చదువుకు గుర్తయింది. దాంతో ఏమవుతుంది? ఎక్కడ తప్పుతామోనన్న భయంతో అవసరం లేని చోట కూడా ఒత్తు పెట్టేస్తాం. మీ వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. 'బాధ' ఎంతమంది సరిగ్గా రాస్తున్నారు? 'భాధ' అని రెండు ఒత్తులతో బాధపడేవాళ్లే ఎక్కువ. 'కర్మ' కాస్తా 'ఖర్మ' అయిపోయి అలాగే స్థిరపడింది. లాబోవ్ కూడా ఇదే చూశాడు. జాగ్రత్తగా చదవమన్నప్పుడు పైవాళ్ల కంటే ఎక్కువ 'ర'లు పలికింది మధ్యతరగతిలో కింది మెట్టు వాళ్లే. పడిపోతామన్న భయం ఉన్నవాడే రెయిలింగ్ గట్టిగా పట్టుకుంటాడు.

మన గురజాడ అప్పారావుకు ఈ భయం బాగా తెలుసు. 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గిరీశం ఏం చేస్తాడు? శిష్యుడి తల్లి ముచ్చటపడి ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే, శిష్యుడు పిల్లల పాట ముక్కలు అప్పజెప్పి ఇద్దరూ గట్టెక్కేస్తారు. ఆమె మురిసిపోతుంది. ఇంకో ఇరవై ఏళ్లకు, 1913లో, బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' నాటకంలో ఒక ప్రొఫెసర్ పూలమ్మే పిల్లకు ఉచ్చారణ నేర్పి దొరసానిగా నమ్మించేస్తాడు. షా నాటకం ప్రపంచమంతా తిరిగింది. నా ఓటు మాత్రం గిరీశానికే. ప్రొఫెసర్‌కు నెలల ట్రైనింగ్ పట్టింది, వీళ్లకు రెండు ముక్కలు చాలాయి!

చెంచాలు, సార్లు

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మాకు 'కార్పొరేట్ ఎటికెట్' అని ఒక సెషన్ పెట్టారు. ఫోర్క్ ఎడమ చేత్తో, కత్తి కుడి చేత్తో, నాప్‌కిన్ ఒళ్లో. బెల్ట్, బూట్లు ఒకే రంగు. నేను మొత్తం నోట్స్ రాసుకున్నాను, పరీక్ష పెడతారేమో అన్నట్టు.

ఫోర్క్ చరిత్ర తర్వాత తెలిసింది. థామస్ కోర్యట్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఇటలీలో ఫోర్క్‌తో తినడం చూసి, ఇంటికొచ్చాక తానూ వాడుతూ, 1611లో అచ్చయిన తన పుస్తకంలో దాని గురించి రాశాడు. స్నేహితులు ఎగతాళి చేసి పేరు కూడా పెట్టారు. అప్పటి ఇంగ్లండ్‌లో పెద్దమనుషులు కూడా తినేది చేత్తోనే మరి.

మా ఇంట్లో అన్నం వడ్డిస్తే ఎవరూ థాంక్స్ చెప్పరు. సెమిస్టర్ సెలవుల్లో ఒకసారి అలవాటులో అమ్మకు చెప్పేశాను. "ఏం, నేను హోటలోళ్ల లెక్క కనవడ్తున్ననా?" అంది. తినేటప్పుడు గడపలోకి ఎవరొచ్చినా "దా, తిను" అనకపోవడం మా ఊళ్లో పెద్ద తప్పు. ఆఫీసులో నేను మొదట్లో డబ్బా తెరవగానే పక్క సీటు అతన్ని అలాగే పిలిచేవాణ్ని. అతను ఇబ్బందిగా నవ్వి హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాడు. ఇప్పుడు నేనూ పిలవను.

'నువ్వు', 'మీరు' కథ ఇంకోటి. నేను బాపును నువ్వు అనే అంటాను. మా ఇళ్లలో చాలామందిమి అంతే. "బాపూ, యాడికి వోతున్నవ్?" అంటే అందులో మర్యాద తక్కువేం లేదు, మర్యాదంతా 'బాపు'లోనే ఉంది. హాస్టల్లో నేను ఫోన్ మాట్లాడుతుంటే విని, వాళ్ల నాన్నను 'మీరు' అనే రూమ్మేట్ షాకయ్యాడు. "మీ నాన్నగారితో అలా మాట్లాడతావేంట్రా?" అని అడిగాడు. సమాధానం చెప్పలేక కొన్నాళ్లు ఫోన్‌లో బాపును ఏమీ అనకుండా, నువ్వూ మీరూ రెండూ తప్పించుకుంటూ వాక్యాలు కట్టాను. ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి.

ఇక మా ఆఫీసులో వైస్ ప్రెసిడెంట్‌ను కూడా పేరు పెట్టే పిలుస్తాం. సార్ అంటే ఆయనే "నో సార్ ప్లీజ్" అంటాడు. అందరం సమానమన్నమాట. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన, మా బాపు వయసుంటుంది, నన్ను "గుడ్ మార్నింగ్ సార్" అంటాడు. ఆయనకు "నో సార్ ప్లీజ్" అని మేమెవరం చెప్పలేదు. మా ఫ్లోర్ ఊడ్చే అక్క పేరు నాకు మొన్నటిదాకా తెలియదు. ఇంటర్వ్యూలో ఆ అబ్బాయి 'సార్ సార్' అంటుంటే మేం చిరాకు పడ్డది కూడా ఇందుకేనేమో. కింద నిలబడి పలకాల్సిన మాట మా పక్కన కూర్చోవాల్సినవాడి నోట్లో వినపడింది.

బాన్సువాడ పిల్ల

2017లో నేను థర్డ్ ఇయర్‌లో ఉండగా శేఖర్ కమ్ముల 'ఫిదా' వచ్చింది. హీరోయిన్ భానుమతిది బాన్సువాడ. మా బాన్సువాడ! మా మాట సినిమా అంతా హీరోయిన్ నోట్లో! హాల్లో విజిల్స్. పక్క సీట్లో రూమ్మేట్ మూడు రోజులు ఆ యాసలోనే మాట్లాడాడు. నాకు గర్వంగానే ఉంది, అబద్ధం చెప్పను. అదే పిల్లగాడు మూడేళ్ల కిందట దవాఖానకు నవ్వాడన్నది కూడా గుర్తుంది.

ఇందులో చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. సాయి పల్లవిది తమిళనాడు, నీలగిరి కొండల వైపు కుటుంబం. మా యాస నేర్చుకుని డబ్బింగ్ తనే చెప్పుకుంది, మేం నమ్మేశాం. నీలగిరి వైపు అమ్మాయి బాన్సువాడ పిల్ల కాగలిగింది, బాన్సువాడ వైపు అబ్బాయి హైదరాబాద్ వాడు కాగలిగాడు. ఇద్దరం చేసింది ఒకే పని. ఆమెకు అవార్డులొచ్చాయి. నాకు కొలువొచ్చింది. ఫిర్యాదేం లేదు!

తర్వాత 'బలగం' వచ్చింది, 'దసరా' వచ్చింది. 'మై విలేజ్ షో' గంగవ్వ యూట్యూబ్ నుంచి బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఇప్పుడు రీల్స్‌లో 'మస్తు' అనని పిల్లలు లేరు. మన మాటకు మంచి రోజులొచ్చాయని చాలామంది అంటున్నారు. నాకు కొంచెం అనుమానం. నవ్వించడానికి పనికొస్తుంది, ముద్దుగా ఉండటానికి పనికొస్తుంది, పాటకు పనికొస్తుంది. బ్యాంకు మేనేజర్‌తో లోన్ మాట్లాడటానికి? కార్పొరేట్ దవాఖానలో స్పెషలిస్ట్‌ను రెండో ప్రశ్న అడగటానికి? బాపును అక్కడికి తీసుకెళ్లినప్పుడు మాట్లాడేది నేనే. ఆయన చేతులు కట్టుకుని వెనక నిలబడతాడు. ఊళ్లో పది మందిలో గట్టిగా మాట్లాడే మనిషి.

ఇదంతా చెప్తే, మా ఊళ్లో అందరూ సమానంగా మాట్లాడుకుంటారని అనుకునేరు. అదేం లేదు. మల్లయ్య అనే పేరే తీసుకోండి. కూలికి వచ్చినన్నాళ్లూ 'మల్లిగాడు'. నాలుగెకరాలు కొంటే 'మల్లయ్య'. కొడుకు దుబాయ్ పోయి ఇల్లు కడితే 'మల్లయ్య సేటు'. మనిషి ఒకడే. కులాన్ని బట్టి ముసలివాళ్లను కూడా చిన్నపిల్లలు 'ఏరా' అన్న రోజులను మా తాతల తరం చూసింది. 'నీ బాంచెన్ దొర, కాల్మొక్త' అన్న మాట ఈ నేలదే. బాంచ అంటే బానిస. ఆ మాట నోట్లోంచి పోవడానికి 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటమే జరిగింది. ఆ దొరలు మాట్లాడింది కూడా ఈ యాసే, ఈ 'వోతున్నవ్', 'తిన్నవా'లే. ఊళ్లో వాళ్లు ఆ మాటతోనే హుకుం చేశారు. వాళ్ల మనవళ్లు అదే మాటతో నా కాలేజీకి వచ్చి ఉంటే నాలాగే నవ్వులపాలయ్యేవాళ్లు.

గడి

ఇంటర్వ్యూ అయిన మూడో రోజు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను, కమ్యూనికేషన్ మార్కు మార్చాలని. ఫారం లాక్ అయిపోయిందని జవాబు వచ్చింది. ఆ పోస్టులో అప్పటికే వేరేవాళ్లకు ఆఫర్ వెళ్లింది. అభ్యర్థి ఆరు నెలల తర్వాత మళ్లీ అప్లై చేసుకోవచ్చని కూడా రాశారు. అతనికి నేను నేరుగా ఫోన్ చేయకూడదు, రూల్స్. ఆరు నెలలు దాటి చాలా రోజులైంది. అతని పేరు మళ్లీ నా లిస్టులో రాలేదు. ఎక్కడో మంచి చోటే ఉండి ఉంటాడని అనుకుంటూ ఉంటాను. అలా అనుకోవడం నాకు సులువు.

టీమ్ మీటింగ్‌లో ఒక మాట అడిగాను. కమ్యూనికేషన్‌కు మూడు కంటే తక్కువ వేస్తే, అర్థం కాని వాక్యం ఒక్కటైనా ఆ గడి పక్కన రాయాలని. లీడ్ చూద్దాం అన్నాడు. ఇంకా చూస్తున్నాం. నేను మాత్రం నా ఫారాల్లో రాస్తున్నాను. రాయడం మొదలుపెట్టాక ఇప్పటిదాకా మూడు కంటే తక్కువ ఒక్కరికే వేశాను. అతని ఇంగ్లిష్ చాలా బాగుంది, ఏం చెప్పాడో మాత్రం అర్థం కాలేదు.

మొన్న మధ్యాహ్నం కెఫెటేరియాలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు, లీడ్‌తో సహా. ఫోన్ ఎత్తి "తిన్నవా?" అన్నాను. లీడ్ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ ప్లేటు వైపు తిరిగాడు. అమ్మ పొలం సంగతి, బాపు బీపీ గోలీల సంగతి చెప్పుకుంటూ పోయింది. నేనే ఆపి అడిగాను: "పక్కకు ఎవలన్న ఉన్నరా అని అడుగుతలేవేందే ఇయ్యాల?"

"ఎందుకడుగుడు? రూమ్ల ఒక్కనివే ఉన్నవ్ గదా."

"లేదమ్మా, మస్తు మంది ఉన్నరు. ఆఫీసుల ఉన్న."

"పో, అబద్ధాలు చెప్తున్నవ్" అంది.